లైనక్స్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి: క్యూటీకి మారాలా, డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్‌కా?

గుంటూరు మిర్చి యార్డులో మా మామయ్య కమీషన్ కొట్టు కోసం పైథాన్ భాషలో, తెరమీద విండోలూ బటన్లూ చూపించే టీకే 8.6 టూల్‌కిట్‌తో కాటా చీటీల ప్రోగ్రాం రాశాను. విండోస్‌లో బాగానే ఉంది. గుమాస్తాగారి పాత ఉబుంటు (లైనక్స్) కంప్యూటర్‌లో మాత్రం ‘క్వింటాళ్లు’ కాస్తా ‘క్‌వింటాళ్‌లు’ అయి కూర్చుంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూసి, “ఇదేమి తెలుగు బాబూ?” అన్నారు. ఫాంట్లు మార్చాను, ఫలితం లేదు. లైనక్స్‌లో టీకే 8.6 అక్షరాలను పక్కపక్కన పేర్చడమే తప్ప ఒత్తులు కలపదని ఆలస్యంగా తెలిసింది.

టీకేకి బదులు వాడదగ్గ టూల్‌కిట్లు రెండు చూశాను. క్యూటీ, అక్షరాలను కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ సాయంతో ఒత్తులు కలుపుతుంది, బటన్లు తానే గీస్తుంది. డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ అయితే విండోస్‌లో విండోస్ బటన్లనే, లైనక్స్‌లో అక్కడి జీటీకే టూల్‌కిట్ బటన్లనే వాడుకుంటుంది. ఇంతలో బావ మ్యాక్ కొంటానంటున్నాడు, అదొక తంటా! ఒకే కోడ్‌తో మూడింటిలోనూ తెలుగు చీటీ ముద్రించినవారు ఎవరైనా ఉన్నారా? దేనితో చేశారు?