'గేమ్ వ్యసనం' అనడం సరైనదేనా? జపాన్ చట్టంలో ఉన్న మాటకి తెలుగు ఏది

జపాన్‌లో కగావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) పిల్లల గేమ్‌ల మీద చేసిన చట్టం గురించి వ్యాసం రాస్తున్నవారు, అందులోని 'ఇజోన్‌షో' అనే మాటకి 'వ్యసనం' అని పెట్టవచ్చా అని నిన్న ఇక్కడ అడిగారు. నా ఉద్దేశంలో వద్దండి. కొంచెం వివరంగా చెప్తాను.

ముందు చట్టం సంగతి. 2020 మార్చిలో కగావా అసెంబ్లీ ఆమోదించింది, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 18 ఏళ్ళ లోపు పిల్లలు బడి ఉన్న రోజు 60 నిమిషాలు, సెలవు రోజు 90 నిమిషాలకి మించి గేమ్‌లు ఆడకుండా తల్లిదండ్రులు చూసుకోవాలట. స్మార్ట్‌ఫోన్ అయితే జూనియర్ హైస్కూల్ వరకు చదివే పిల్లలకి రాత్రి 9 దాకా, అంతకన్నా పెద్దవాళ్ళకి 10 దాకా. మీరినా శిక్ష ఏమీ లేదు. ఇది రాజ్యాంగ విరుద్ధమని ఒక హైస్కూల్ విద్యార్థి కేసు వేస్తే, 2022 ఆగస్టులో అక్కడి తకామత్సు జిల్లా కోర్టు విరుద్ధం కాదని తీర్పు చెప్పింది.

ఇప్పుడు మాట. 'ఇజోన్' అంటే దేన్నో ఆనుకుని, దాని మీద ఆధారపడి ఉండడం, చివర 'షో' అంటే జబ్బు. అంటే ఇది వైద్యుల మాట. మన 'వ్యసనం' అలాంటిది కాదు. సప్తవ్యసనాలు గుర్తు చేసుకోండి: స్త్రీ, జూదం, మద్యం, వేట, పరుషంగా మాట్లాడడం, కఠినంగా దండించడం, సొమ్ము వృథా చేయడం. రాజుకి ఉండకూడని దోషాలవి, విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతిలో వస్తాయి. ఒకడికి వ్యసనం ఉందంటే తప్పు వాడిదే అన్న తీర్పు ఆ మాటలోనే ఉంటుంది. జబ్బు అంటే ఆ తీర్పు ఉండదు, కానీ ఇంకో చిక్కు వస్తుంది, జబ్బు అన్నాక ఇక పిల్లవాడితో వాదించేది ఏముంటుంది, వైద్యమే కదా చేయించాలి!

జపాన్ అధికారులూ పెద్దలూ డెబ్బై ఏళ్ళుగా వాడిన మాటలు వరసగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 1955 ప్రాంతంలో కామిక్స్ మీద పెద్ద ఉద్యమం నడిచింది, అప్పటి మాట 'అకుషో', చెడ్డ పుస్తకం. కొన్నిచోట్ల కుప్పపోసి తగలబెట్టారు కూడా, మాంగా (జపాన్ కామిక్స్) రచయితల్లో తెజుకా ఒసాము అంతటివాడికీ విమర్శ తప్పలేదు. 1964లో టోక్యో చేసిన యువత చట్టంలో మాట 'ఫుకెన్‌జెన్', అంటే ఆరోగ్యకరం కానిది. చాలా ప్రిఫెక్చర్లలో 'యూగాయ్', హానికరం. 2005లో టోక్యో పక్కనున్న కనగావా ప్రిఫెక్చర్ (కగావా కాదు) గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3 గేమ్‌ని ఈ పేరుతోనే పిల్లలకి అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఇంతవరకూ దోషం పుస్తకానిదో గేమ్‌దో. 'ఇజోన్‌షో' వచ్చేసరికి దోషం పిల్లవాడి లోపలికి వెళ్ళిపోయింది. నన్ను కలవరపెట్టేది ఇదే. పుస్తకం చెడ్డదంటే ఆ పుస్తకం తెరిచి చూసి, కాదు అని వాదించవచ్చు. 2010లో టోక్యో ప్రభుత్వం ఆ యువత చట్టాన్ని సవరించే బిల్లులో 'హిజిత్సుజాయ్ సెయిషోనెన్' అని ఒక పదం తెచ్చింది, 'వాస్తవంలో లేని బాలబాలికలు' అని దాని అర్థం, అంటే బొమ్మల్లోని పాత్రలన్నమాట. చిబా తెత్సుయా, తకెమియా కెయికో వంటి మాంగా రచయితలు బహిరంగంగా ఎదిరించారు, జూన్‌లో బిల్లు వీగిపోయింది. డిసెంబరులో ఆ పదం తీసేసి, మార్చిన బిల్లుని నెగ్గించుకున్నారు. అక్కడ కనీసం వాదన జరిగింది.

కాబట్టి ఈ మాటలన్నిటికీ ఒకే 'వ్యసనం' పెడితే ఈ తేడా అంతా పోతుంది.

> మంచి వివరణ అండీ. కానీ మన ఊళ్ళల్లో బోర్డుల మీద 'మద్య వ్యసన విముక్తి కేంద్రం' అనే కదా ఉంటుంది, అదీ వైద్యమే. జనం వాడుకలో వ్యసనం ఇప్పటికే జబ్బు అయిపోలేదా? లేకపోతే అడిక్షన్ అని రాస్తే పోదా?

బోర్డు మాట నిజమే. అయినా 'వాడికి వ్యసనాలున్నాయి' అని పెళ్ళి సంబంధం దగ్గర అంటే ఎవరైనా జబ్బు అనుకుంటారా చెప్పండి! అడిక్షన్ అందరికీ తెలిసిన మాటే, మామూలు వార్తలో నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో మాట అయితే 'గేమ్‌లకి మరిగాడు' అంటాం, ఎంత చక్కటి క్రియ! కానీ అందులో రుచి ఉంది తప్ప రోగం లేదు, చట్టంలోని మాటకి సరిపోదు.

మీ వ్యాసంలో చట్టం పేరు వచ్చినచోట 'ఇంటర్నెట్, గేమ్‌లపై ఆధారపడే రుగ్మత' అని రాయండి. పొడుగే, కానీ వాళ్ళు అన్నది అదే. 1955 సంగతి వస్తే మాత్రం 'చెడ్డ పుస్తకాలు' అనే ఉంచండి, దాన్ని 'అభ్యంతరకర సాహిత్యం' అని మెత్తబరచకండి.