షికోకు తీరయాత్ర: గుడి లేని 75 కిలోమీటర్లు నడవాలా, బస్సెక్కాలా?

ఒసాకా యాత్రికుడు:

జపాన్‌లోని షికోకు దీవిని చుట్టివచ్చే 88 బౌద్ధాలయాల యాత్రను నేనూ నా మిత్రుడూ సెలవు దొరికినప్పుడల్లా కొంత కొంతగా నడుస్తున్నాము. మొత్తం దారి సుమారు 1,200 కిలోమీటర్లు. కిందటిసారి 23వ ఆలయమైన యాకువోజి దగ్గర ఆగాము. ఈ నవంబరులో ఆరు రోజుల సెలవు ఉంది. అక్కడినుంచి మురోతో అగ్రం మీద ఉన్న 24వ ఆలయం హోత్సుమిసాకిజికి 75 కిలోమీటర్లు, అంటే మూడు రోజుల నడక. సముద్రాన్ని ఆనుకొని పోయే 55వ నంబరు జాతీయ రహదారే గాని మధ్యలో గుడి లేదు. ఆ దూరాన్ని రైలులోనూ బస్సులోనూ ఒక్క పూటలో దాటేసి, మిగిలిన రోజులలో 27వ ఆలయం దాకా నిదానంగా దర్శించుకుందామని మిత్రుడు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు గాని, ఎందుకొప్పడం లేదో అతనికి చెప్పలేకపోతున్నాను. నడిచినవారు ఎవరైనా చెప్పగలరా?

మోకాళ్ల బాధితుడు:

మీ మిత్రుడి మాటే సరైనది. ఈ యాత్రకు బస్సు కొత్త కాదు. ఇయో రైల్వే సంస్థ 1953లోనే యాత్రికుల బస్సు నడిపింది. నేడు నడిచేవారికంటె వాహనాలలో వెళ్లేవారే చాలా ఎక్కువ. దర్శనానికి గుర్తుగా యాత్రికుడి పుస్తకంలో ముద్ర వేసి ఇచ్చే ఆలయంవారు మీరు ఎలా వచ్చారని అడగరు. అలిపిరిలో సంచులను దేవస్థానంవారికి అప్పగించి చేతులూపుకుంటూ కొండెక్కే మనం, ఇక్కడ మాత్రం తారురోడ్డు మీద లారీల పక్కన నడిస్తేనే పుణ్యమనడం నాకు అర్థం కాదు.

రెండుసార్లు నడిచినవాడు:

మధ్యలో గుడి లేదన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. 88 లెక్కలో లేదంటే ఒప్పుకుంటాను. కాని యాకువోజి నుంచి సుమారు 20 కిలోమీటర్లు నడిస్తే సబా దాయిషి అని పిలిచే ఆలయం వస్తుంది. సబా అంటే మన తీరంలోని కానాగంత వంటి చేప. ఉప్పుచేపలను గుర్రం మీద వేసుకొని పోతున్నవాడిని, ఈ యాత్రకు మూలపురుషుడిగా భావించే కూకాయ్ అనే బౌద్ధ సన్యాసి ఒక చేప అడిగాడనీ, వాడు కసిరి పొమ్మంటే గుర్రం కడుపునొప్పితో కూలబడిందనీ, తప్పు ఒప్పుకొన్నాక లేచి నిలబడిందనీ అక్కడి స్థలపురాణం. బస్సులో పోయేవారికి అది కిటికీలోంచి కనబడే ఒక బోర్డు మాత్రమే.

అసలు సంగతి మురోతోది. కోబో దాయిషిగా పూజలందుకొనే కూకాయ్ (774–835) యువకుడిగా అక్కడ సాధన చేశాడు; వేగుచుక్క తనకు దర్శనమిచ్చిందని 797లో రాసిన గ్రంథంలో తానే చెప్పుకొన్నాడు. అక్కడి గుహలో కూర్చొని బయటికి చూస్తే ఆకాశమూ సముద్రమూ తప్ప మరేమీ కనబడవు. కూకాయ్ అన్న పేరుకు అర్థం కూడా అదే: ఆకాశం, సముద్రం. ఆ పేరులోని మొదటి అక్షరానికి శూన్యమనే అర్థమూ ఉంది. శూన్యతను బోధించిన మన నాగార్జునుడిని కూకాయ్ స్థాపించిన షింగోన్ బౌద్ధ సంప్రదాయంవారు తమ ఆచార్యపరంపరలో లెక్కిస్తారు. మూడు రోజుల పాటు ఎడమచేతి వైపు అదే సముద్రాన్ని, పైన అదే ఆకాశాన్ని చూసి చూసి విసిగిపోయినవాడికి ఆ గుహలో ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. బస్సు దిగి వచ్చినవాడికి అది ఫోటోకు బాగుండే చోటు.

విసుగును నేను దాచడం లేదు. రెండో రోజు నోనే ఊరు దాటాక చాలాసేపు దుకాణం లేదు, నీడ లేదు. ఎందుకు వచ్చానా అనుకున్నాను. ఈ రహదారి లేని కాలంలో అక్కడ బండరాళ్ల మీద అలల మధ్య గెంతుతూ పోవలసివచ్చేదట. అలా నలిగి వచ్చేవారి కోసమే బుక్కాయ్ అనే సన్యాసి ఇరుగి అనే చోట కట్టిన కుటీరపు స్థలం ఇప్పటికీ ఉంది. తోసా (నేటి కోచి ప్రాంతం) దయ్యాల దేశం, అక్కడ బస దొరకదని పాత యాత్రికులు చెప్పుకొనేవారు. నాకు మాత్రం ఆ మూడు రోజులలో రెండు నారింజలు, ఒక వంద యెన్‌ల నాణెం దొరికాయి. ఒసెత్తాయ్ అని యాత్రికుడికి ఇచ్చేదాన్ని కాదనకూడదు గనుక తీసుకున్నాను.

మోకాళ్ల బాధితుడు:

బాగానే ఉంది. అయితే 32, 33 ఆలయాల మధ్య ఉరాదో అఖాతం దగ్గర తమరు ఫెర్రీ ఎక్కారా, ఈదారా?

రెండుసార్లు నడిచినవాడు:

రెండుసార్లూ ఎక్కాను. ఉచితం కూడాను. అది నా వాదనకు దెబ్బేనని ఒప్పుకుంటున్నాను. కాని వాహనం ఎక్కినంత మాత్రాన యాత్ర చెడుతుందని నేను ఎక్కడా అనలేదు. మోకాళ్లు సహకరించనివారు నిస్సంకోచంగా ఎక్కవచ్చు. దర్శనాలు లేవు గనుక ఈ దారి దండగ అన్న లెక్కతోనే నాకు పేచీ. 88 ముద్రల కోసమే అయితే కారు అద్దెకు తీసుకొంటే ఇంకా త్వరగా అయిపోతుంది గదా.

కోచి నివాసి:

ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. ఇది, దగ్గరి సముద్రగర్భంలో ఎప్పుడైనా రావచ్చని భయపడే నాంకాయ్ మహాభూకంపానికి సిద్ధపడి బతుకుతున్న తీరం. ఇదే యాత్రాదారిలో ఇంకా పడమరగా ఉన్న కురోషియో పట్టణానికి 34.4 మీటర్ల సునామీ రావచ్చని 2012లో ప్రభుత్వం అంచనా వేసింది. నడిచేవారు రోడ్డు పక్కన ఎత్తైన చోటికి దారి చూపే గుర్తులను గమనిస్తూ పోవాలి, గుడారం ఉన్నా ఇసుక మీద పడుకోకూడదు. బస ముందుగా ఖాయం చేసుకోండి. బస్సే అనుకొంటే, ఆవా-కైనన్ నుంచి కన్నోఉరా దాకా పట్టాల మీదా రోడ్డు మీదా పోయే బండి 2021 డిసెంబరు నుంచి నడుస్తోంది. మిత్రుడికి అదొక ముచ్చట.

ఒసాకా యాత్రికుడు:

అందరికీ ధన్యవాదాలు. కూకాయ్ పేరు సంగతి మిత్రుడికి చదివి వినిపించాను. అతను చాలాసేపు ఆలోచించి, చేపల గుడి దాకా నాతో నడుస్తాననీ, అక్కడినుంచి ఆ పట్టాల బండీ బస్సూ ఎక్కి మురోతోలో నా కోసం ఎదురుచూస్తాననీ చెప్పాడు. నా బరువైన సంచి కూడా తానే తీసుకుపోతానన్నాడు. అలిపిరి మాట గుర్తొచ్చి ఇంకా జవాబు చెప్పలేదు.