క్రెడిట్ కార్డు బాకీ చేబదులా, అప్పా?

క్రెడిట్ కార్డు పత్రాల్లో కనిపించే ‘వడ్డీ రహిత కాలం’ అన్న మాటకు ‘చేబదులు గడువు’ అనవచ్చునా అని మిత్రులు అడిగారు. అనవచ్చుననే నా అభిప్రాయం. అయితే ఆ పేరు ఎంతవరకు చెల్లుతుందో కూడా చెప్పుకోవాలి.

మా కోనసీమలో చేబదులు, అరువు, అప్పు అనే మూడు మాటలనూ ఎవరూ ఒకటిగా కలిపేయరు. నోటు రాయకుండా, వడ్డీ ఊసెత్తకుండా, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని తీసుకునేది చేబదులు. సార్వా ఊడ్పులప్పుడు ఎరువుల కొట్లో ఖాతా రాయించి, పంట డబ్బు చేతికొచ్చాక తీర్చేది అరువు. ప్రామిసరీ నోటు మీద వడ్డీకి తెచ్చేది అప్పు. కార్డు మీది బాకీ గడువు తేదీ దాకా చేబదులుగానే ఉండి, ఆనాటికి మొత్తం తీర్చకపోతే, ఆ రోజు నుంచి కాక, సరుకు కొన్న రోజు నుంచే అప్పుగా మారిపోతుంది. ఇలా వెనక్కి వెళ్లి వడ్డీ కట్టే పద్ధతి మన చేబదుళ్లలో లేదు.

లెక్క చూడండి. జూన్ 5న 20,000 రూపాయలు పెట్టి మోటారు కొన్నారు, 20న బిల్లు వచ్చింది, జూలై 10 గడువు. జూలై 8న ‘కనీస మొత్తం’ 5 శాతం, అంటే 1,000 రూపాయలు మాత్రమే కట్టారు. వడ్డీ ఏడాదికి 42 శాతమైతే, ఆ 33 రోజులకు దాదాపు 760 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 137 పడతాయి. కట్టిన వెయ్యిలో అసలుకు చేరేది వంద పైచిలుకే. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా ఆ చేబదులు గడువు ఉండదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే చాలా కార్డులకు అసలు గడువే లేదు, తీసిన రోజు నుంచే వడ్డీ.

కార్డులను పోల్చేటప్పుడు కూడా మన పలుకుబడే మేలని నా గట్టి నమ్మకం. ‘42 శాతం’ అంటే చాలామందికి తలకెక్కదు గానీ, ‘మూడున్నర రూపాయల వడ్డీ’ అంటే పాలకొల్లు సంతలోనైనా ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది; రెండు రూపాయల వడ్డీకే వెనకాడే మనిషి దీనికి ఒప్పుకోడు. ప్రతి నెలా మొత్తం కట్టేసేవారికి వార్షిక రుసుము, గడువు రోజులు చూసుకుంటే చాలు. బాకీ మిగిల్చే అలవాటున్నవారు మాత్రం బహుమతి పాయింట్లను పక్కనపెట్టి, నూటికి నెలకు ఎంతో ముందు అడగాలి.

నాకు అసలు అభ్యంతరం ‘కనీస మొత్తం’ అన్న మాట మీదే. అది కడితే తప్పేది ఆలస్య రుసుము మాత్రమే, కానీ బాధ్యతే తీరిందన్న భ్రమ కలుగుతుంది. కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలు, ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరికను బిల్లులో అచ్చువేయాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో చెప్పింది. ఆ హెచ్చరిక పేరులోనే ఉండేలా ‘ఆలస్య రుసుము తప్పించే మొత్తం’ అని తెలుగు బిల్లుల్లో రాస్తే బాగుంటుంది. ఇంతకన్నా పొట్టి మాట ఎవరికైనా తోస్తే సూచించండి.