అపార్ ఫారం మీద సంతకం పెట్టాలా, వద్దా?

అంబాజీపేట నాన్న (రాత్రి 8:40)
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నిన్న సాయంత్రం బ్యాగులోంచి ఒక కాగితం తీసి, నాన్నా రేపటికల్లా సంతకం పెట్టి ఇవ్వాలంట, లేకపోతే మిస్ నిలబెడతారంట అంది. చూస్తే అపార్ ఐడీ కన్సెంట్ ఫారం. తెలీనివాళ్ళకి చెప్తున్నా, ఇది పిల్లలకిచ్చే 12 అంకెల నంబరు, 2023 నుంచి దేశమంతా నడుస్తోంది. చిన్న క్లాసుల నుంచి కాలేజీ దాకా మార్కులు, సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పు వివరాలు అన్నీ ఆ నంబరు కిందకి వస్తాయి, డిజీలాకర్లో కనపడతాయి. ఆధార్‌తో ముడి. ఇది ఇష్టముంటేనే అని కేంద్రం చెప్తోంది. మరి ఇష్టముంటేనే అయినప్పుడు రేపటికల్లా ఎందుకండి, పిల్లని నిలబెట్టడం ఎందుకు? నేను పెట్టలేదు. మీరేం చేశారు?

కొబ్బరాకు (8:52)
పెట్టేశానండి. చదవలేదు కూడా. బళ్ళో అడిగారు, ఇచ్చాం.

రాజోలు అమ్మ, కువైట్ (8:58)
నాదో చిన్న డౌటు. నేను కువైట్లో ఇళ్ళల్లో పనిచేస్తాను, పాప మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. వాళ్ళ నాన్న లేరు. ఫారం మీద మా అమ్మ వేలిముద్ర వేస్తే చెల్లుతుందా, నేనే పెట్టాలా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

లంక మాస్టారు (9:15)
నాన్న గారూ, నేను గవర్నమెంటు బడిలో హెచ్ఎంని, లంకలో. మా బడికి పడవ మీద వెళ్ళాలి. మీరంతా ఫారం మీద సంతకం గురించి మాట్లాడుతున్నారు, మాకు అసలు నరకం పేర్ల దగ్గరుంది. ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ముందు రాశారు, మా రిజిస్టర్లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంటుంది, యూడైస్‌లో, అంటే బళ్ళ వివరాలన్నీ ఎక్కించే కేంద్రం ఆన్‌లైన్ లెక్కల్లో, ఇంకోలా ఎక్కింది. ఒక పాప పేరు నాగ వెంకట లక్ష్మీ దుర్గ. లక్ష్మి ఇంగ్లీషులో ఒకచోట ఎక్స్‌తో ఉంది, ఒకచోట కేఎస్‌తో ఉంది. దుర్గ చివర ఒకచోట ఒక ఏ, ఒకచోట రెండు ఏలు. మూడూ కలిస్తేగాని అపార్ నంబరు పుట్టదు. ఆ పాప తాత కూలి మానుకుని, పడవెక్కి, బస్సెక్కి ఆధార్ సెంటర్‌కి వెళ్ళి మధ్యాహ్నం దాకా నిలబడి టోకెన్ అయిపోయిందని తిరిగొచ్చాడు, అలా రెండుసార్లు. ఈ పేర్లు ఇప్పుడు ఒక దారికి రాకపోతే రేపు పదో తరగతి మెమోలో ఒకలా, ఇంటర్లో ఒకలా పడతాయి, అప్పుడు మీరే మా మీదకొస్తారు. అపార్ వల్ల కనీసం తప్పు ముందే బయటపడుతోంది.

నర్సాపురం పంటు (9:21)
ఇంటిపేరు ముందు రాయాలండి. మన పద్ధతి అది. ఉత్తరాదివాళ్ళ ఫారంలో మన పేరు ఎలా ఇముడుద్ది.

అంబాజీపేట నాన్న (9:30)
మాస్టారూ, ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అని నేను అడగలేదండి. వద్దు అనొచ్చా అని అడిగాను.

ముమ్మిడివరం బాబాయ్ (9:47)
వద్దు అని ఎందుకనాలయ్యా అసలు. నేను చెప్పేది వినండి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇల్లు పోయింది, ట్రంకు పెట్టెలో నీళ్ళు నిలిచిపోయాయి. నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం మూడూ ఒకదానికొకటి అంటుకుపోయి అట్టముక్క అయిపోయాయి. ఎండబెట్టి విడదీద్దామంటే అక్షరాలన్నీ ఊడి ఎదటి కాగితం మీదకి ఎక్కేశాయి, నా మార్కులు తిరగేసి అద్దంలో చూసినట్టు కనపడ్డాయి. డూప్లికేట్ కోసం పోలీసు కాగితం, నోటరీ, చలానా అని తిప్పారు, చేతికొచ్చేసరికి ఎనిమిది నెలలు. ఈలోగా ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయిపోయింది. ఒరిజినల్స్ ఏవీ అంటే తుఫాను అన్నాను, తుఫాను అందరికీ వచ్చింది అన్నారు. అప్పట్నుంచీ కొబ్బరి దింపు లెక్కలు రాసుకుంటూ బతుకుతున్నాను. నా మనవడి కాగితాలు నీళ్ళకి తడవనిచోట ఉంటాయంటే నేను పది సంతకాలు పెడతాను. 2022 జూలై వరదకి కూడా లంకల్లో ఎంతమంది పుస్తకాలు పోయాయో మాస్టారిని అడగండి.

లంక మాస్టారు (9:51)
నిజమండి బాబాయ్ గారూ. మా బడి అటెండెన్స్ రిజిస్టర్లే తడిసిపోయాయి ఆ వరదకి.

పాలకొల్లు రాధ (10:10)
బాబాయ్ గారూ, మీకు జరిగింది చదివితే కడుపు తరుక్కుపోయింది. కానీ ఒక్క మాట. డిజీలాకర్ 2015 నుంచీ ఉంది, పదో తరగతి మెమో అపార్ లేకుండానే అందులో చూసుకోవచ్చు. మన రాష్ట్రంలో 2025 నుంచి మన మిత్ర వాట్సాప్‌లో హాల్‌టికెట్లు కూడా ఇస్తున్నారు, దానికీ అపార్ అక్కర్లేకపోయింది. కాగితం తడవకుండా ఉండటానికి పిల్లకి పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఒకే నంబరు తగిలించక్కర్లేదు. బడిలో ప్రతి పిల్లకీ యూడైస్ ఇచ్చే పెన్ నంబరు అని ఇంకోటి ఇప్పటికే ఉంది కదా.

చట్టం సంగతి చెప్తాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామి గారు వేసిన కేసది. తర్వాత 2018 సెప్టెంబరు 26 ఆధార్ తీర్పులో, బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చెయ్యకూడదన్నారు, ఎంచేతంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువు హక్కు, సర్కారు పెట్టే లబ్ధి కాదు. ఆధార్ లేదని ఏ పిల్లకీ రావాల్సింది ఆపకూడదని కూడా ఉంది. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు అందర్నీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటుంది, సర్కారుకి మాత్రం అందులోనే మినహాయింపులున్నాయి. ఇక ఆ ఫారంలోనే రాసుంది చూడండి, వివరాలు ఎవరెవరికి ఇవ్వొచ్చో చెప్పేచోట విద్యాసంస్థలతో పాటు ఉద్యోగాలకి తీసుకునే ఏజెన్సీలు కూడా ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్ల వివరాలతో వాళ్ళకేం పని?

కొబ్బరాకు (10:14)
వేలిముద్రలు కూడా ఇస్తారంట కదా వాళ్ళకి?

పాలకొల్లు రాధ (10:16)
లేదండి. అపార్‌కి వేలిముద్రలు తీసుకోరు. లేనిది చెప్తే ఉన్నది కూడా ఎవరూ నమ్మరు.

లంక మాస్టారు (10:35)
రాధ గారూ మీరు చదువుకున్నారు, కోర్టు తీర్పులు తేదీలతో చెప్తారు. మా బడిలో సిగ్నల్ లేదు. నేను సాయంత్రం నాలుగున్నరకి ఏటిగట్టు ఎక్కి, కానుగచెట్టు కింద నిలబడి, సొంత ఫోన్లో సొంత డేటాతో ఒక్కొక్కళ్ళ వివరాలు ఎక్కిస్తాను. 2022 ఆగస్టులో టీచర్లకి ముఖం చూపించి హాజరు వేసే యాప్ పెట్టినప్పుడు మా సొంత ఫోన్లలో ఎందుకని మేమే గొడవ చేశాం, మా గోప్యత గురించి అప్పుడు ఇలాంటి చోట్ల ఎంతమంది మాట్లాడారు? జీతం తీసుకుంటున్నారుగా, ఫొటో దిగితే ఏమైంది అన్నారు. ఇప్పుడు పిల్లల విషయానికి అందరికీ గోప్యత గుర్తొచ్చింది.

అంబాజీపేట నాన్న (10:58)
నాకు గుర్తొచ్చింది ఇప్పుడు కాదు మాస్టారూ. రెండేళ్ళ కింద మా పెద్దాడు పదో తరగతి. పరీక్షలింకా రెండు నెలలుండగానే కాలేజీల పీఆర్వోల ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు లెక్కపెట్టాను, పద్నాలుగు. మావాడి పేరు, బడి పేరు, మా ఆవిడ నంబరు, ప్రీఫైనల్లో లెక్కల్లో ఎంతొచ్చిందో కూడా చెప్పాడొకడు. ఒకతను తిన్నగా మా కొబ్బరిపీచు షెడ్డుకే వచ్చేశాడు, పీచు మోపు మీద కూర్చుని మీవాడికి లెక్కల్లో 41 అండి, ఇలాగైతే కష్టమండి అని మా ఆవిడ ముందు అన్నాడు. ఆవిడ భయపడి నాకు చెప్పకుండా పదివేలు అడ్వాన్సు కట్టేసింది. మావాడు అందులో చేరలేదు, డబ్బు తిరిగి రాలేదు. డబ్బు పోతే పోయింది. 41 అని పరాయివాడి నోటంట విని మావాడు ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ మార్కు బళ్ళో మాస్టారికీ నాకూ వాడికీ తెలియాలి. నాలుగోవాడికి ఎలా తెలిసిందండి?

లంక మాస్టారు (11:06)
అది మీ ప్రైవేటు బడిలోనో ట్యూషన్లోనో ఎవరో అమ్ముకుని ఉంటారు. అపార్‌కీ దానికీ ఏం సంబంధం? అప్పటికి మీవాడికి అపారే లేదేమో.

అంబాజీపేట నాన్న (11:13)
ఒక బడిలో ఉన్న లిస్టే అలా బయటికెళ్తే, దేశంలో పిల్లలందరిదీ ఒకచోట పెడితే ఏమవుద్దండి? ఎవరిచ్చారని నేను బడిలో అడిగితే మేం కాదన్నారు, ట్యూషన్లో అడిగితే మేం కాదన్నారు. అడగడానికి రెండు చోట్లున్నప్పుడే జవాబు దొరకలేదు.

రాజోలు అమ్మ, కువైట్ (11:17)
మా పాప ఆధార్‌కి నా పాత ఇండియా నంబరు ఉంది. అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే కాకినాడాయన ఎవరో ఎత్తుతున్నాడు. పాప డిజీలాకర్ తెరవాలంటే ఓటీపీ ఆయనకి వెళ్ళుద్ది కదా? మా అమ్మ వేలిముద్ర గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నర్సాపురం పంటు (11:20)
ముందు నంబరు మార్పించుకోండి అక్కా. పేరు కూడా ఒకసారి చూసుకోండి, ఆధార్లో పేరు రెండుసార్లకి మించి మార్చనివ్వరు, పుట్టినతేదీ ఒక్కసారే. నేను ఇంటిపేరుకే ఒకటి వాడేశాను.

లంక మాస్టారు (11:34)
నాన్న గారూ, సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరు సంతకం పెట్టకపోతే మీ అమ్మాయికి ఏమీ అవదు. ఫీజు కట్టే తండ్రివి, రేపు వెళ్ళి ప్రిన్సిపాల్‌ని గట్టిగా అడుగుతావు, వాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెడతారు. మా లంకలో పిల్లకి కిట్టు, స్కాలర్‌షిప్పు, అమ్మ ఖాతాలో పడే డబ్బు, అన్నీ ఏదో ఒక నంబరు మీదే వస్తాయి. అందులో ఒక్కటి ఆగినా ఆ పిల్ల బడి మానేసి రొయ్యల షెడ్డుకి తలలు తియ్యడానికి వెళ్తుంది, పోయినేడాది ఇద్దరు వెళ్ళారు. వద్దు అనడం మీలాంటి వాళ్ళకి. మా వాళ్ళకి ఆ సరదాలు లేవు.

అంబాజీపేట నాన్న (11:41)
సరదానా? అంటే బీదవాడు వద్దు అనకూడదు అంటారు. ఇందాకట్నుంచి ఇంటిపేర్లు, వరదలు అని తిప్పితిప్పి చివరికి అసలు మాట బయటపెట్టారు. మరి ఇష్టముంటేనే అని ఎందుకు రాయాలండి ఆ కాగితం మీద? తప్పదు అని రాయమనండి, కోర్టులో తేల్చుకుంటాం.

పాలకొల్లు రాధ (11:55)
ఇదే సంగతి స్వీడన్లో జరిగింది. షెలెఫ్తియో అనే ఊళ్ళో ఒక హైస్కూల్లో ముఖం గుర్తుపట్టే కెమెరాతో హాజరు వేశారు. ఇరవై రెండు మంది పిల్లలు, మూడు వారాలు, అందరి దగ్గరా ఒప్పుదల తీసుకునే చేశారు. అయినా 2019 ఆగస్టులో అక్కడి డేటా రక్షణ సంస్థ ఆ బడి నడిపే మునిసిపాలిటీకి రెండు లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. బడి చేతిలో పిల్ల భవిష్యత్తు ఉన్నప్పుడు ఆ ఒప్పుదల ఒప్పుదలే కాదు అంది. మాస్టారూ మిమ్మల్ని అనట్లేదు. మీరు మంచివారు కాబట్టే వాళ్ళు వద్దు అనలేరు.

లంక మాస్టారు (12:20)
ఇందాక సరదా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిద్ర పట్టక మళ్ళీ వచ్చాను.

రోజూ సాయంత్రం మా హెచ్ఎంల గ్రూపులో ఏ బడిలో అపార్ ఎంత శాతం అయిందో లిస్టు పెడతారు. మా బడి పేరు ఎర్రరంగులో ఉంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసు, పిల్లలకి భిన్నాలు వచ్చాయా అని ఒక్కరూ అడగరు, 63 మందిలో ఎన్ని అయ్యాయి అని అడుగుతారు. మొన్న ఒక ముసలావిడ ఫారం దగ్గరికొచ్చి, ఎక్కడ వెయ్యాలి మాస్టారూ, మీరు చూపిస్తే అక్కడేస్తాను అంది. పీచు ఒడికి ఒడికి బొటనవేలు గీతలన్నీ అరిగిపోయాయి, రేషన్ మిషన్లో కూడా పడదు. ఇంకు రాసి నొక్కితే నల్లటి మచ్చ పడింది అంతే, ఒక్క గీత లేదు. అందులో ఏముందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. రాధ గారు చెప్పిన ఏజెన్సీల ముక్క నేనే ఇవాళ రాత్రి తీసి చదివాను. ఉంది. ఒప్పుదల ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా ఉంది, అప్పటికే వాడేసిన వివరాలకి అది వర్తించదని కూడా ఉంది. ఈ మూడూ తెలుగులో రాసి బడి గోడకి అంటిస్తాను. కానీ నాన్న గారూ, పిల్లకి రావాల్సింది ఒక్క రూపాయి ఆగినా నేను మళ్ళీ వేలు వేయిస్తాను, అందులో మార్పు లేదు.

అంబాజీపేట నాన్న (12:31)
మీ మీద నాకు కోపం లేదు మాస్టారూ. నేను మాత్రం పెట్టను. ఫారం వెనక్కి పంపుతూ, మా అమ్మాయిని నిలబెట్టకూడదని దాని మీదే రాసి పంపుతున్నాను.

ముమ్మిడివరం బాబాయ్ (ఉదయం 5:50)
నేను పెడుతున్నాను. ఫొటో తీసి దగ్గర ఉంచుకున్నాను.

రాజోలు అమ్మ, కువైట్ (6:05)
రాత్రంతా మీరు రాసింది చదివాను. మా అమ్మ కూడా పీచు ఒడికిన మనిషే, ఆవిడ వేలు కూడా పడదు. మాస్టారూ, ఫారం మీద తల్లి, తండ్రి లేదా సంరక్షకులు అని ఉందంట, మా అమ్మ సంరక్షకురాలి కిందకి వస్తుందా, దానికి వేరే కాగితం కావాలా? ఇవాళ శుక్రవారం, నాకు సెలవు. ఎవరు చెప్పినా ఫోన్ దగ్గరే ఉంటాను.