చలిచీమల చేత "చిక్కి": దొరికిపోయా, బక్కచిక్కా?

పద్యప్రియ: సుమతి శతకంలో "బలవంతుడ నాకేమని" పద్యం. రెండో పాదం "పలువురతో నిగ్రహించి పలుకుట మేలా" అనే నోటికొస్తుంది. "పలువురతో" అన్నాక విగ్రహించడమే (పోరాడడమే) పొసగుతుంది కదా? నిగ్రహించాలంటే (అణచాలంటే) "పలువురను" కావాలి. ఆరంచుల గడుల మీద ఆడే కంప్యూటర్ యుద్ధపు ఆట స్లేలో, అందరికన్నా బలహీనులైన పెజెంట్ల మధ్య ఇరుక్కున్న, అందరికన్నా బలవంతుడైన బేరన్‌ను చూస్తే ఈ పాదమే గుర్తొస్తుంది. ఏది అసలు పాఠం?

గురులఘు: ఛందస్సు తేల్చదండీ. యతి ప–ప, ఆ అక్షరం దాని దారిలో లేదు. "గ్రహించి" ఆరో గణంలో జగణం, ముందు ని ఉన్నా వి ఉన్నా గురువే. అర్థంతోనే తేలాలి. షాడ్గుణ్యంలో, అంటే రాజనీతిలోని ఆరు ఉపాయాల్లో, సంధి పక్కన ఉన్నది విగ్రహమే కాబట్టి నా ఓటు "వి"కి.

గళ్ళబల్ల: నాకు "బలవంతమైన సర్పము చలిచీమల చేత చిక్కి చావదె సుమతీ"లో "చిక్కి" దగ్గరే పేచీ. స్లేలో పెజెంట్ బేరన్‌ను నేరుగా చంపలేడు. గడికి వంతుకో నాణెం ఆదాయం. జీతాలు పెజెంట్‌కు 2, స్పియర్‌మన్‌కు 6, నైట్‌కు 18, బేరన్‌కు 54. నలుగురు పెజెంట్లు కలిస్తే ఒక బేరన్. విడిగా ఉంటే నలుగురికీ కలిపి 8 చాలు. అందుకే బేరన్ జోలికి పోకుండా, వాడి వెనక కాపలా లేని ఇరుకు గడిని పెజెంట్‌తో ఆక్రమించాలి. నేల రెండు ముక్కలై, వాడు రాజధాని లేని ముక్కలో పడితే పాత పొదుపు అందదు. జీతం చాలకపోతే ఆ ముక్కలో సైన్యమంతా చస్తుంది. ఇది బక్కచిక్కి చావడమే. కవి గండుచీమ అనలేదు, చలిచీమ అన్నాడు!

గురులఘు: అందంగా ఉంది గానీ, "చేత చిక్కి" అంటే చేతికి దొరకడమే.

గళ్ళబల్ల: "జ్వరము చేత చిక్కి" అంటే జ్వరానికి దొరకడమా? తృతీయకు హేతువు అర్థమూ ఉంది.

గురులఘు: జ్వరం హేతువు, ఒప్పుకుంటాను. చీమలు కర్తలు. సర్పం చిక్కాక చస్తోంది గానీ చిక్కిపోతూ చావడం లేదు.

గడినుడి: ఇద్దరూ రాయలవారిని మరిచారు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం రాజనీతిలో సరిహద్దు అడవులు పెంచమన్నాడు, నడి రాజ్యంలోవి కొట్టించమన్నాడు. పొలిమేర కాపు గురించి అంత సూటిగా చెప్పిన కవిరాజు మరొకడు లేడు. ఆయన కాలపు గడి అంటే సరిహద్దు కోట కూడా; మన ఆరంచుల గడికి ఇంతకన్నా మంచి మాట అక్కర్లేదు.

గళ్ళబల్ల: స్లేలో ఆ సలహా సగమే పనికొస్తుంది. చెట్టున్న గడికి ఆదాయం సున్నా, శత్రువును ఆపదు, పక్క గడులకు పాకుతుంది. చచ్చిన సైనికుడి సమాధి కూడా చెట్టవుతుంది. ఎక్కడ మొలిచినా సైనికుణ్ణి పంపి కొట్టించాల్సిందే. పొలిమేరకు 15 నాణేల కోట మేలు: తన గడినీ, చుట్టూ మనవైన గడులనూ స్పియర్‌మన్ దాకా ఆపుతుంది. అంచున పెడితే సగం కాపు శత్రువు నేల మీద వృథా. ఒక గడి లోపలికి, ఇరుకు మెడ దగ్గర పెట్టాలి.

గడినుడి: సివిలైజేషన్ 5 అనే కంప్యూటర్ ఆటలో రాయల మాట పూర్తిగా నిలుస్తుంది. అడవి గడిలో దళానికి 25 శాతం రక్షణ ఎక్కువ, అందులోకి అడుగు పెట్టడానికి రెండు కదలికలు ఖర్చు. సరిహద్దు అడవి నరికి నగరం ఉత్పత్తికి పంపేవాళ్లు ఆ పద్యం మళ్లీ చదవాలి.

గురులఘు: పద్యంలో ఉన్నది దళాల సంగతి కాదు, దొంగల బెడద. ఆ పద్యం మొత్తం పెట్టండి, "నడుమ" ఏ మాటకు అన్వయిస్తుందో చూద్దాం.