వైద్య నిర్లక్ష్యం కేసుల్లో పరిహారానికి చట్టం హద్దు పెట్టాలా?

మలక్‌పేట సర్జన్:
మన దేశంలో వైద్య నిర్లక్ష్యానికి ఇప్పించే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. ఉండాలని నా అభిప్రాయం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1975లోనే నొప్పికి, మనోవేదనకు ఇచ్చే సొమ్ముకు 2.5 లక్షల డాలర్ల హద్దు పెట్టింది. ఇక్కడ కోల్‌కతాలోని ఒక వైద్య నిర్లక్ష్యం కేసులో 2013లో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల రూపాయలు, ఆపైన వడ్డీ ఇప్పించింది. నాది ఇరవై పడకల ఆసుపత్రి. అలాంటి తీర్పు ఒక్కటి వస్తే మూసుకోవలసిందే. ప్రమాదకరమైన కేసు రాగానే పెద్దాసుపత్రికి వెళ్లమని పంపేస్తున్న వైద్యులను చూస్తున్నాను. రోగికి జరిగే ఆ నష్టం ఏ తీర్పులోనూ కనిపించదు.

తార్నాక న్యాయవాది:
డాక్టర్ గారూ, మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ కాలిఫోర్నియా సంగతి సగమే చెప్పారు. ధరలు ఎంత పెరిగినా ఆ 2.5 లక్షలు 47 ఏళ్లు కదలలేదు. చివరికి 2022లో చట్టాన్ని సవరించి, 2023 నుంచి ఏటా పెరిగేలా చేశారు. పైగా వైద్య ఖర్చులకు, కోల్పోయిన సంపాదనకు అక్కడ హద్దే లేదు.

మన ఊరి కేసు చూడండి. 1990లో నిమ్స్‌లో ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడింది. జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన 15.5 లక్షలను సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలకు పెంచింది. అప్పటికి ఆపరేషన్ జరిగి పంతొమ్మిదేళ్లు. సుప్రీంకోర్టులో తన కేసు ఆయనే వాదించుకున్నాడు. ఆ కోటిలో నొప్పికి, వేదనకు ఇచ్చింది 10 లక్షలే. మిగిలినదంతా నర్సుకు, ఫిజియోథెరపీకి, డ్రైవరుకు, మందులకు, పోయిన జీతానికి. కోటి అనగానే మనకు గుండె ఝల్లుమంటుంది గానీ, ముప్ఫై ఏళ్ల పాటు నెలనెలా మనిషిని పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఎవరైనా లెక్క వేశారా? మీరు కోరే హద్దు స్వల్పంగా గాయపడినవారిని తాకదు. మంచానికి అతుక్కుపోయినవారినే తాకుతుంది.

సికింద్రాబాద్ విశ్రాంత ఉపాధ్యాయురాలు:
కోట్ల మాట సరే, మాలాంటి వాళ్ల సంగతి కూడా వినండి. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు సమయంలో మా చెల్లెలి బిడ్డ పోయింది. వినియోగదారుల కమిషన్‌కు వెళదామంటే, అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోటికి వినియోగదారుల చట్టం వర్తించదన్నారు. 1995లో సుప్రీంకోర్టు చెప్పిన మాటేనట అది. ఇక మిగిలింది సివిల్ కోర్టు, ఏళ్ల తరబడి వాయిదాలు. చెల్లెలు వద్దనేసింది. పేదవాళ్లకు హద్దు ఎప్పుడో పెట్టారండీ. అది సున్నా దగ్గరే ఉంది.

మలక్‌పేట సర్జన్:
టీచర్ గారూ, మీ చెల్లెలికి జరిగినది అన్యాయం. ఉచిత వైద్యం పొందేవారికీ కమిషన్ తలుపు తెరవాలని నేనూ అంటాను. ఆ 10 లక్షల విషయం నాకు తెలియదు. జీవితకాలపు ఖర్చులకు పరిమితి కోరను. వేదనకు ఇచ్చే భాగానికి మాత్రం ఒక లెక్క ఉండాలన్న మాట మీద నిలబడతాను, అది ఏటా పెరిగినా సరే.

తార్నాక న్యాయవాది:
బిడ్డ పోయినప్పుడు నర్సు ఖర్చూ ఉండదు, పోయిన జీతమూ ఉండదు డాక్టర్ గారూ. ఆ తల్లికి చట్టం ఇవ్వగలిగింది మీరు హద్దు పెట్టమంటున్న ఆ ఒక్క భాగమే.