స్ట్రోక్ తర్వాత కాలు బిగుసుకుపోతే షాక్‌వేవ్ పనిచేస్తుందా?

నాన్నకి స్ట్రోక్ వచ్చి 8 నెలలు, ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయి మడమ నేలకి ఆనట్లేదు, చెప్పు ముందువైపే అరిగిపోతోంది. ఫిజియో ఏమో షాక్‌వేవ్ వారానికొకటి 3 సిట్టింగులు అంటున్నారు, కరెంటు పెడతారేమో అని అమ్మ భయం. ఎవరైనా చేయించారా?

>> కరెంటు కాదండీ, జెల్ రాసి మెషీన్‌తో పిక్క మీద టకటకా కొడతారు అంతే. మా అత్తయ్యకి మడమ ఆనింది గానీ కొన్ని వారాలకి మళ్ళీ బిగువు మొదలైంది, ఆ గ్యాప్‌లోనే స్ట్రెచింగ్, నడక గట్టిగా చేయించాలి, లేదంటే డబ్బులు దండగ.

>> రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి.

>> బొటాక్స్ (కండరం బిగువు తగ్గించే ఇంజెక్షన్) గురించి కూడా అడగండి బ్రో, దాని ఎఫెక్ట్ దాదాపు 3 నెలలు ఉంటుంది, ఖర్చెక్కువే. అయినా బిగువు తగ్గినంత మాత్రాన కాలికి బలం రాదు కదా.

>> థాంక్సండీ. నాన్న క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్నారు, అదీ రక్తం పలచబడే మాత్రే, రేపే అడుగుతా.